పెన్‌డ్రైవ్ పాప సంచిలో ఉంది

బావా,

రొయ్యపిల్లల హేచరీ వాళ్ల మొదటి కంప్యూటర్ ఆఫ్ చెయ్యొద్దు. పెన్‌డ్రైవ్‌లో నువ్వు తయారుచేసిన ఆపరేటింగ్ సిస్టమ్ దాంట్లోకి పూర్తిగా ఎక్కింది, పాస్‌వర్డ్ అడుగుతోంది. అన్నం పొయ్యి మీదే ఉంది.

రెండు రోజులుగా ఎన్నిసార్లు ఎక్కించినా మళ్లీ మొదటికొస్తోందని, నేనే ఏదో నొక్కినానని అరిచినావు. నేనేం నొక్కలేదు. కాపీ అయ్యాక కంప్యూటర్ ఆగి మళ్లీ ఆన్ అవుతుంది. అప్పుడు కూడా పెన్‌డ్రైవ్ దానికే పెట్టి ఉంచుతావు, అది మళ్లీ పెన్‌డ్రైవ్‌లోంచే మొదటినుంచీ ఎక్కించడం మొదలెడుతోంది. ఇందాక ఆన్ అయ్యేలోపు పీకేసినాను, అంతే. "తొమ్మిదో తరగతితో మానేసినదానివి, నీకెందుకే కంప్యూటర్ సంగతి" అన్నావుగా!

పాప జోషికి నిన్నటినుంచి జ్వరం దిగలేదు. ఆసుపత్రికి పోదామంటే "ఈ ఒక్కటీ అవనీ" అని నాలుగుసార్లు అన్నావు. ఇప్పుడు హేచరీకని పోయి ఫోన్ ఎత్తవు. ఇంక ఆగలేను. ఆటోలో కోట ఊళ్లో ఆసుపత్రికి పోతున్నాం.

మిగతా ఐదూ ఎక్కించాలంటే పెన్‌డ్రైవ్ కావాలి కదా. పాప సంచిలో వేసుకున్నాను. వచ్చి తీసుకో.

పాప నీలం దుప్పటి కూడా పట్టుకురా. భయంలో మర్చిపోయినాను.