బెస్‌కి కాలి స్విచ్చు

1958 సెప్టెంబరు 8, సోమవారం

ఈ రోజు నుంచి నేను మెకానిక్‌ని!

నిన్న మా ఆయన మెర్వ్ ముందున్న హ్యాండిల్ తిప్పి బెస్‌ని స్టార్ట్ చేస్తుంటే, అది ఎదురు తిరిగి కొట్టింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టు. బెస్ అంటే మా కారు. మెర్వ్ వాళ్ల తాత కొన్నది. వయసులో నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద, మొండితనంలో అందరికంటే పెద్ద.

ఇరవయ్యో తేదీ శనివారం మా ఊరు కూరబిన్‌కి డెబ్బై అయిదేళ్ల పండగ. ఊరేగింపులో బెస్ వెళ్లాలి. వెనక సీట్లో నాన్ కూర్చోవాలి. నాన్ అంటే మెర్వ్ నాయనమ్మ. తొంభై ఒకటి. "వచ్చే పండక్కి నేనుండను. ఈసారి బెస్‌లోనే ఊరేగుతాను. గోధుమ లారీ ఎక్కించారో, దూకేస్తా" అని జూన్ నుంచి బెదిరిస్తోంది. టోపీకి ఈకలు కూడా కుట్టేసింది.

ఇక నడపాల్సింది నేనే. నడపడం వచ్చు. ఆ హ్యాండిల్ తిప్పడం నా వల్ల కాదు. దొర్లించి స్టార్ట్ చేద్దామంటే మా ఊరు పెనంలా చదును, వాలన్నది లేదు. కాలితో నొక్కే స్విచ్చు ఉంటే చాలు. మొదట్లో ఉండేదట. పాడైపోతే తాత పీకేసి, కాళ్ల కింద కొత్త చెక్క వేసేశాడట. స్టార్టర్ మోటారు మాత్రం ఉంది. మెర్వ్ ఎప్పుడో వేలంలో కొన్న స్విచ్చు కిటికీలో దుమ్ము తింటోంది.

నా నియమాలు:

స్విచ్చు బిగించేది నేనే.

ఎవరినీ ఏమీ అడగను. (అడగాలంటే మాట్లాడాలి. కొట్లో పిండి కావాలన్నా నేను వేలు పెట్టి చూపిస్తాను.)

మెర్వ్ నోరు విప్పకూడదు.

"సరే బాసూ" అని మెర్వ్ సలాం కొట్టబోయి "అమ్మో" అన్నాడు. కొట్టింది విరిగిన చేత్తో మరి.

సెప్టెంబరు 9

అద్భుతమైన రోజు! చెక్క ఊడదీశాను. ఒక్కదాన్నే! కింద ఎలుక గూడు, గోధుమలు, ఆడవాళ్ల చేతి తొడుగు ఒకటి. తోలుది, ఎండి వక్కలా అయింది. ఎవరిదో.

పని చాలా తేలిక. బ్యాటరీ నుంచి లావు తీగ స్విచ్చుకి. స్విచ్చు నుంచి లావు తీగ మోటారుకి. అంతే కదా! మగవాళ్లు దీనికి ఇంత హడావుడి ఎందుకు చేస్తారో.

సెప్టెంబరు 10

ఠప్!

పానా ఒక కొస బ్యాటరీకి, ఇంకో కొస చట్రానికి తగిలింది. మెరుపు మెరిసింది. పానాకి ఒక పక్క కరిగింది. నా కనుబొమ్మలు ఉన్నాయి, అద్దంలో చూసుకున్నాను. మెర్వ్ షెడ్డు గుమ్మంలో నిలబడి ఎడమ చెయ్యి నోట్లో కుక్కుకున్నాడు. చెప్పాలని ప్రాణం కొట్టుకుంటోంది పాపం. నేను అడగలేదు.

ఈ రోజుకి చాలు. ఉతకాల్సిన దుప్పట్లు చాలా ఉన్నాయి.

సెప్టెంబరు 11

గారేజీ వాలీకి ఫోన్ చేశాను. ఇది అడగడం కిందికి రాదు. ఎందుకంటే నేను నా గురించి అడగలేదు.

మా లైను మీద ఏడిళ్లున్నాయి. ఎవరికి ఫోనొచ్చినా అందరి ఇళ్లలో మోగుతుంది. ఎవరి మోత వాళ్లది, మాది రెండు పొడుగు, ఒక పొట్టి. పక్కింటి మోతకి రిసీవర్ ఎత్తకూడదు. అందరూ ఎత్తుతారు. నాకు తెలుసు. అయినా గొంతు తగ్గిస్తే చాలనుకున్నాను.

"మిస్టర్ వాలీ, నాకు తెలిసినావిడ ఒకామె... కారుకి స్విచ్చు బిగిస్తుంటే నిప్పులొచ్చాయట..."

వాలీ నోరు తెరిచేలోపు మిసెస్ హెగార్టీ గొంతు. వాళ్లది మా పక్క పొలం.

"డల్సీ, ఆ తెలిసినావిడకి చెప్పు, ముందు బ్యాటరీ తీగ ఊడదీయమని. ఆమె కనుబొమ్మలు బాగానే ఉన్నాయా?"

"ముందు ఏ తీగ ఊడదీయాలో కూడా చెప్పు, ఆడమనిషీ" అని ఇంకెవరో ముసలాయన.

"టెడ్ పైక్! నువ్వూ ఉన్నావా లైన్లో?"

"లేను."

వాళ్లిద్దరూ అరగంట పోట్లాడుకున్నారు. వాలీ ఎప్పుడు పెట్టేశాడో తెలియదు. నా చెవులు ఇప్పటికీ ఎర్రగానే ఉన్నాయి.

సెప్టెంబరు 12

మిసెస్ హెగార్టీ కేకు, చేతి డ్రిల్లు పట్టుకుని వచ్చింది. టెడ్ పైక్ తీగలు తెచ్చాడు. "దారిన పోతూ ఆగాను" అన్నాడు. మా ఇంటి ముందు రోడ్డు మా ఇంటితోనే ఆఖరు.

నేను అడగలేదు. వాళ్లే వచ్చారు. వచ్చినవాళ్లని పొమ్మనడం మర్యాద కాదు. కాబట్టి నియమం చెక్కు చెదరలేదు.

కేకు బాగుంది.

సెప్టెంబరు 14, ఆదివారం

చర్చి బయట నలుగురు మగవాళ్లు నన్ను చుట్టుముట్టారు. స్విచ్చు ఎక్కడ పెట్టాలి? యాక్సిలరేటర్‌కి కుడి పక్కన. కాదు, పైన. కాదు, మడమ దగ్గర. ప్రార్థనలో కూడా వాళ్లలో అంత నమ్మకం నేనెప్పుడూ చూడలేదు. నేను టోపీ సర్దుకుంటూ నిలబడ్డాను.

ఇంటికొచ్చి నా పద్ధతిలో చేశాను. బూట్లకి బురద, విప్పేశాను. సీట్లో దిండు వేసుకుని కూర్చుని, కాలు ఎక్కడ హాయిగా ఆనిందో అక్కడ సుద్దముక్కతో గీత గీసి, చెక్కకి చిల్లు పెట్టాను. స్విచ్చు బిగించాను. తీగలు కలిపాను. బొత్తాం నా బొటనవేలి కింద కుదురుగా కూర్చుంది.

రేపే పరీక్ష!

సెప్టెంబరు 15

కోళ్ల గూడు లేదు.

మెర్వ్ డ్రమ్ము మీద కూర్చుని చూస్తున్నాడు. నేను బొత్తాం మీద కాలు పెట్టాను. తను ఎడమ చేత్తో ఏవో సైగలు చేశాడు. నేనూ చెయ్యి ఊపాను. నొక్కాను.

బెస్ ఇంజను ఆడలేదు. బెస్ గెంతింది! కప్పలా గెంతి, మళ్లీ గెంతి, కోళ్ల గూట్లోంచి దూసుకెళ్లి కంచె దగ్గర ఆగింది. బానెట్ మీద ఒక కోడి.

"గేర్లో ఉందని చెప్పొద్దూ!"

"నోరు విప్పకూడదన్నావుగా."

"సైగ చేసినప్పుడైనా గట్టిగా చేయొద్దూ!"

"ఒంటి చేత్తో అంతే గట్టిగా వస్తుంది, డల్సీ."

గేర్లో ఉంచి నొక్కితే స్టార్టర్ మోటారే కారుని లాక్కుపోతుందట. ఇంజనుతో పని లేదట. ఇది నాకు నిన్న తెలిసుంటే బాగుండేది. కోళ్లకి కూడా.

మూడో నియమం రద్దు.

సెప్టెంబరు 16

కోళ్ల గూడు కడుతున్నాం. టెడ్ పైక్, హెగార్టీ కుటుంబం, వాలీ. నేను పిలవలేదు. పైక్‌ని మాత్రం పిలిచాను. మేకులు అయిపోయాయి.

కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి.

సెప్టెంబరు 18

న్యూట్రల్. చూశాను. మళ్లీ చూశాను. నొక్కాను.

ఆడింది!! ఒక్క నొక్కుకే! నాన్ వరండాలోంచి "మీ తాతయ్యలాగే దగ్గుతోంది" అని కళ్లు తుడుచుకుంది. నేను కూడా. పొగ వల్ల.

శనివారం ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లి, మాట్లాడకుండా వచ్చేస్తాను.

సెప్టెంబరు 20, శనివారం

అన్నీ రాయాలి.

పండగ కదా అని ఎత్తు మడమల జోడు వేసుకున్నాను. బుద్ధి లేదు. ముందు బ్యాండు వాళ్లు, వెనక గోధుమ లారీ. ఊరు ఊరంతా రెండు పక్కలా. నేను స్టీరింగు తప్ప ఇంకేమీ చూడలేదు. సరిగ్గా రైలు గేటు మధ్యలోకి రాగానే క్లచ్చు మీద మడమ జారింది. బెస్ ఆగిపోయింది.

జోడు విసిరేసి, న్యూట్రల్ చేసి నొక్కాను. తిరిగింది, అంటుకోలేదు. మళ్లీ. పెట్రోలు వాసన. బ్యాండు కూడా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఎవరో "లారీ ఎక్కించండి ముసలావిడని" అన్నారు.

వెనక నాన్ ఈకల టోపీ సరిచేసుకుని, తలుపు గట్టిగా పట్టుకుంది.

అప్పుడు కోళ్ల గూడు గుర్తొచ్చింది.

మొదటి గేరు. క్లచ్చు వదిలాను. ముందు లావుపాటి బాకా పట్టుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. నా నోట్లోంచి ఒక గొంతు వచ్చింది. నాదే.

"తప్పుకోండి! అందరూ తప్పుకోండి! కారు గెంతుతుంది!"

నొక్కాను. బెస్ గెంతింది. నాన్ టోపీ ముక్కు మీదికి వచ్చింది. మళ్లీ గెంతింది. పట్టాలు దాటేశాం! జనం చప్పట్లు. ఊరేగింపులో ఇది కూడా ఒక ఆట అనుకున్నారు. నాన్ టోపీ కింది నుంచే రాణిలా చెయ్యి ఊపుతోంది.

ఆపైన బ్యాటరీ చచ్చిపోయింది. టెడ్ పైక్, వాలీ, బాకా ఆయన, ఇంకా చాలామంది టౌన్ హాలు దాకా తోశారు. తోయమని అడిగింది నేనే. పేరు పేరునా. గట్టిగా.

రెండో నియమం సంగతి ఇక రాయక్కర్లేదు.

సెప్టెంబరు 21, ఆదివారం

బ్యాటరీ ఛార్జయింది. మధ్యాహ్నం మెర్వ్ ఎడమ చేత్తో నడిపి చూస్తానన్నాడు. తన బూటు ఎంతుందంటే, యాక్సిలరేటర్ తొక్కితే బొత్తాం కూడా పడుతుంది. తొక్కినప్పుడల్లా స్టార్టర్ పందిలా అరుస్తోంది. బూటు తీసి కూర్చున్నా అంతే.

"దీన్ని నీ కాలికి కొలిచావా?"

"మరి ఎవరి కాలికి కొలవాలి? అడగకూడదుగా."

"రెండంగుళాలు జరపాలి, డల్సీ. ఇలాగైతే నువ్వు తప్ప ఎవరూ నడపలేరు."

భోజనాల దగ్గర నాన్‌కి ఆ చేతి తొడుగు చూపించి, కారు చెక్క కింద దొరికిందన్నాను. మటన్ ముక్క పక్కన పెట్టి, తొడుగు చేతిలోకి తీసుకుంది.

"ఇన్నాళ్లూ అక్కడుందా ఇది! కారు కొన్న ఏడాది మీ తాత గోధుమలు అమ్మడానికి వెళ్తే, బెస్‌ని తీసుకుని ఒక్కదాన్నే సముద్రం చూసొచ్చాను. అరవై ఏళ్లు నాకప్పుడు. మీ తాత తిరిగొచ్చిన మర్నాడే స్విచ్చు పాడైంది."

"అంటే తుప్పు పట్టి పాడైందా?" అన్నాడు మెర్వ్.

"నేను వచ్చేసరికి బాగానే ఉందిరా" అంది నాన్. "ఆ తర్వాత హ్యాండిలే. హ్యాండిల్ నాకు తిరగదు."

మెర్వ్ తన పిండికట్టు వైపు చూసుకున్నాడు.

కొత్త నియమాలు, రేపటి నుంచి:

స్విచ్చు రెండంగుళాలు జరపాలి. జరిపేది నేనే.

ఎవరినీ ఏమీ అడగను. ఈసారి నిజంగా.

ముందు కోళ్లు కుదుటపడాలి. ఆపైన గోధుమ కోతలు. ఆపైన నాన్‌ని సముద్రానికి తీసుకెళ్లాలి, ఆమెకి దారి గుర్తుందట. అవన్నీ అయ్యాక జరుపుతాను.