నడుం దగ్గరి కుట్లు

అమ్మా,

రక్తపరీక్షకి పరగడుపునే రమ్మన్నారు, వెళ్తున్నాను. నాకు టిఫిన్ చెయ్యకు. మావాడు లేవగానే షాపు తాళాలిచ్చి పంపు.

నిన్న నేనొచ్చేసరికి నువ్వు పడుకున్నావు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. పేగులో గడ్డ క్యాన్సరేనని ముందే తేలింది కదా, ఎంతవరకు పాకిందో స్కాన్‌లో తెలుస్తుందన్నారు కదా. ఎక్కడికీ పాకలేదు! మొదటి స్టేజీయేనట, ఆపరేషన్ చేసి తీసేస్తే సరిపోతుందట. "ఇంత తొందరగా ఎలా కనిపెట్టారండీ?" అంది డాక్టరమ్మ. "మా కోడలు కనిపెట్టింది" అన్నాను. బయట వరండాలో కూర్చున్నవాళ్లు కూడా తొంగిచూసేంత గట్టిగా అన్నాను.

నెత్తురు పడుతోందని మామగారు కోడలితో ఎలా చెబుతాడమ్మా? మొలలేలే అనుకున్నాను. వదులైన ప్యాంట్లు మాత్రం గుట్టుచప్పుడు కాకుండా నడుం దగ్గర బిగించి కుట్టుకున్నాను. ఊళ్లో అందరి కొలతలూ తీసే టైలర్ని, నా కొలత ఎవరు చూస్తారనుకున్నాను. ఇస్త్రీ చేస్తూ నువ్వు ఆ కుట్లు చూశావు. నేనెంత కసిరినా వినకుండా కెమెరా పరీక్షకి లాక్కెళ్లావు. ఆ కసురుకి నువ్వింకా మూతి ముడుచుకునే ఉన్నావు, నాకు తెలుసు.

మామయ్య

మరిచాను, ఆ ప్యాంట్లు ఎవరికీ ఇచ్చెయ్యకు. బట్ట కత్తిరించలేదు, లోపలికి మడిచే కుట్టాను. మళ్లీ ఒళ్లు చేశాక నేనే విప్పుకుంటాను.