ఈ గుట్ట ఎవరిది?

శంకర్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఎనభైల్లో మనం టేపు అరిగేదాకా విన్న ఆ రాక్ బ్యాండు ఇంగ్లీషు పాటను, మధ్యాహ్నం మా ఆఫీసు పిల్లలు లాబీలో వాయించారు. లాక్కున్న భూమి తిరిగిచ్చెయ్యమని సర్కారునే నిలదీసే పాట.

గచ్చిబౌలి గుట్టమీద కూర్చుని వినేవాళ్లం. మన క్యాసెట్‌లో ఒక లైను నలిగిపోయింది. అక్కడికి రాగానే నువ్వు దగ్గి, "ఈ గుట్ట ఎవరిది?" అని పాడేవాడివి. నేను "మనదే!" అని అరవాలి. ఆ గుట్టను పేల్చి కట్టిన ఈ బిల్డింగులో నేను సూపర్‌వైజర్‌గా చేరాక నువ్వు నాతో మాట్లాడలేదు. ఆ క్యాసెట్‌ను నీ చితిమీద నేనే పెట్టాను.

ఇవాళ సరిగ్గా ఆ లైను దగ్గర, పాడుతున్న అమ్మాయి దగ్గింది. "ఈ గుట్ట ఎవరిది?" అని తెలుగులో పాడి ఆగింది. డ్రమ్ములూ ఆగాయి. నా మెడలో ఐడీ కార్డు వేలాడుతోంది.

కింద సెల్లార్‌లోంచి ఎవరో "మనదే!" అని అరిచారు. అది ఇరవయ్యేళ్ల వయసప్పటి నా గొంతు.

అమ్మాయి మైకు దించింది. "ఎవరు సార్, కింద?"

"ఎవ్వరు లేరమ్మా. సెల్లార్‌కు తాళమేసున్నది."

"మరి మీరు తాళంచెవి తీసిన్రేంది?"

పగలగొట్టలేక వదిలేసిన గుట్టరాయి ఒకటి ఆ సెల్లార్‌లో ఇంకా ఉంది. తాళంచెవి నా చేతిలోనే ఉంది. దిగలేకపోతున్నాను, శంకర్. ఆ రాయిమీద నీ పక్కన నేనే కూర్చుని ఉంటానేమో.