అక్క పెళ్లిలో అమ్మ చెప్పిన అభ్యంతరం

ష్రాప్‌షైర్, ఇంగ్లండ్, జూన్ 1911

బాబాయ్,

ఆగస్టా అక్క పెళ్లి ఆగిపోయింది. ఆపింది అమ్మే.

"ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని పాదిరిగారు ఆనవాయితీగా అడిగారు. ముందు వరసలో నాన్న పక్కన కూర్చున్న అమ్మ లేచి, "నాకుంది" అంది.

పెళ్లికొడుకు తల్లి, "కౌంటెస్ గారూ, మీకు మతిగానీ పోయిందా?" అని అరిచింది.

"ఇప్పుడే వచ్చిందండీ. పిల్ల పొద్దుట్నుంచీ ఏడుస్తూనే ఉంది. నీకిష్టమేనా అని ఒక్కరమూ అడగలేదు. ముప్పై ఏళ్ల కిందట నా పెళ్లిలో నేనూ ఇక్కడే ఇలాగే ఏడ్చాను. నాకోసం ఎవరూ లేవలేదు."

నాన్న పక్కనే ఉండి విన్నారు, బాబాయ్.

అమ్మ అక్క చెయ్యి పట్టుకుని పెళ్లిబండిలోనే ఇంటికి తీసుకొచ్చేసింది. అక్క కడుపునిండా తిని నిద్రపోయింది. నాన్న మాత్రం చర్చిలోంచి కదలడం లేదు. లేపి తీసుకురావడం నావల్ల కావడం లేదు. మీరు వెంటనే రండి.

పిలవబోతే నాన్న నా మొహంలోకి చూసి ఒకటే మాట అన్నారు: "ఆ రోజు మీ అమ్మ సంతోషంతో ఏడ్చిందనుకున్నానురా."

మీ అన్నగారి అబ్బాయి