గంజి తీయని గుడ్డ

కనేరి, భివండి
12 నవంబరు 2025

సాక్షికి,

శారోన్ వందనాలు. నువ్వూ మీ నాన్న సిద్ధిరాములు సేటూ కులాసా అనీ, మీ మరమగ్గాల సాంచాలు కరెంటు పోకుండా ఆడుతున్నాయనీ అనుకుంటాను. ప్రభువు దయవల్ల మేమూ బాగున్నాం. నాన్న ఇంకా మీ సాంచాల మీదే నేస్తున్నాడు.

ఏడాదిగా మనకు మాటల్లేవు. ఆదివారం మళ్ళీ ట్రయాథ్లాన్ కాబట్టి రాస్తున్నాను.

ఈతకూ సైకిలుకూ పరుగుకూ ఒకటే సూట్ వేసుకోవాలి గదా, పోయినేడు నేను అది కొంటానంటే ఆపింది నువ్వే. "గంత పెట్టి ఎందుకే, మా సాంచాల మీది గుడ్డ ఇస్త, కుట్టించుకో" అన్నావు. సేటు ఇంటి గుడ్డ ఊరికే తెస్తే ఒప్పుకోడని నాన్నకు చూపించలేదు. చూపిస్తే రెండు వేళ్ళతో నలిపి చెప్పేవాడు, నూలుకు పట్టించిన గంజి ఇంకా వదల్లేదని. సముద్రంలో దిగగానే ఒళ్ళంతా జిగట. సైకిల్ మీద ఎండకు అట్టకట్టి తొడలు కోసింది. పరుగులో నెత్తురు చూసి నేను కూలబడితే, నువ్వు మెడల్ వేసుకుని వచ్చి అందరి ముందూ అడిగావు: "ఏందే, గంజిగుంటల దూకినవా?"

పొరపాటేమోలే అని ఆర్నెల్లు నిన్ను క్షమించాను కూడా. తర్వాత మన ఈత క్లాసు ఆర్తి చెప్పింది. "దానికి తెల్వదా, వాళ్ళ నాయన నేసిందే గద" అని నవ్వావట.

ఇప్పుడు నా సామాను చూడాలి నువ్వు. అసలైన సూట్, ఆవిరి పట్టని గాగుల్స్, పెడల్‌కు పట్టుకునే బూట్లు. ఒక్కొక్కటీ కాశేలి గోదాములో రోజంతా నిలబడి, పార్శిళ్ళు స్కాన్ చేసి కొన్నవి.

ఆ గోదాము సంగతే చెప్పాలి. మొన్న నా టేబుల్ మీదికి నీ పేరున్న పార్శిల్ వచ్చింది. బిల్లు మీద రాసి ఉంది, ట్రయాథ్లాన్ సూట్, మీడియం. షిఫ్టు అయ్యేదాకా దాన్ని పక్కనే పెట్టుకున్నాను. జేబులో టేపు కోసే బ్లేడు ఉంది. సంచిలో ఇంత గంజి పొడి కూడా ఉంది. ఆ పార్శిల్ నిన్న నీకు అంది ఉంటుంది. టేపు సరిగ్గానే అతికి ఉందా?

ఆదివారం ఒడ్డున కలుద్దాం.

శారోన్

తా.క.: నీ పార్శిల్ నేను విప్పలేదు. నిజం. పోయినేడు నీ మాట నేనెట్ల నమ్మిన్నో, నా మాట నువ్వు గట్లనే నమ్ము.