చీరల వెనక తీగ

మంగళవారం, రాత్రి

రామారెడ్డి రోడ్డు దాటి మా కాలనీలోకి అడవి పందులు వస్తున్నాయని, పెరట్లో నాలుగు సాళ్ల మక్కజొన్న చుట్టూ నా పాత చీరలు కట్టాను. చీర ఊగితే మనిషి ఉన్నాడనుకుని పంది రాదు. పొద్దున జారిన చీర సరిచేయబోతే దాని వెనక మోకాలెత్తులో ఇనుప తీగ! పక్కింటి మల్లయ్య తన వంకాయ మడిలోకి పందులు రాకుండా మా రెండు పెరళ్ల మధ్య లాగిన కరెంటు తీగ.

"ఏందిరా మల్లయ్యా, నా మనవరాలు ఈ చీరల సందులనే దాగుడుమూతలాడుతది!" అన్నాను.

"రాత్రి పూటనే కరెంటిస్త, పొద్దుగాల తీసేస్త. పంది కన్న నువ్వే ఎక్కువ బుగులు పడ్తవ్ అవ్వా!" అని నవ్వాడు.

తీయడం మరిచిపోతే? పిల్లకు ఆరేళ్లు. నిద్ర లేవగానే పెరట్లోకే పరుగు. కొడుక్కి చెబితే, "రేపు మాట్లాడుత, ఊకో అమ్మా" అన్నాడు. రేపు వీడు లేచేలోపే అది లేస్తుంది కదా.

మల్లయ్య స్విచ్చి వేయకముందే చీరలన్నీ విప్పేశాను. ఇప్పుడు తీగ దూరం నుంచే కనబడుతుంది. మక్కలు పందులు తింటే తిననీ. పెరటి తలుపుకు తాళం వేసి తాళంచెవి కొంగున కట్టుకున్నాను.

అయినా కన్ను మూతపడటం లేదు. మల్లయ్య మనవడు ఈమధ్యే పాకడం మొదలుపెట్టాడు. వాళ్ల తలుపుకు తాళం ఎవరు వేస్తారు...