తాలింఖానాలో తాలింపు

భిలాయి,
తేది: 4-12-2024

టౌన్‌షిప్ భవనాల కేటాయింపు అధికారి శ్రీయుత ధర్మారావు గారి సముఖమునకు,

శ్రీ ఆంజనేయ తాలింఖానా కార్యదర్శి, రోలింగు మిల్లులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన గురునాథరావు దాఖలు చేసుకొను అర్జీ.

విషయం: మా తాలింఖానా తినే చోటు కాదని, ఒళ్ళు వంచే చోటని గుర్తించి, దానిని టిఫిను సెంటర్ల జాబితా నుంచి తప్పించి, ఈ నెల పద్దెనిమిదో తేదీలోగా తిరిగి క్రీడా సంఘాల జాబితాలో చేర్చుట గురించి.

అయ్యా,

తమరు పార్వతీపురం వైపు వారని, ఆఫీసులో కూడా అప్పుడప్పుడు తెలుగులో విసుక్కుంటారని విని, ధైర్యం చేసి తెలుగులో రాసుకుంటున్నాను. హిందీలో రాయించి ఒకసారి చేయి కాల్చుకున్నాను. దీనిని తమరే స్వయంగా చదవవలెను. ఏ గుమాస్తాకూ, ఏ కాలేజీ పిల్లకూ, ఏ ఫోనుకూ ఇచ్చి అనువాదం చేయించవద్దని మొదటి మనవి. ఇక నా గోడు వరుసగా మనవి చేసుకుంటాను.

1. సదరు తాలింఖానా 1971లో స్థాపించబడినది. ప్లాంటులో పనికని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన కుర్రవాళ్ళు షిఫ్టు దిగాక ఏం చేయాలో తోచక పేకాటలో పడుతుంటే, పెద్దలు ఒక రేకుల షెడ్డు సంపాదించి, అందులో గోదా తవ్వించి, దండీలు బస్కీలు మొదలుపెట్టించారు. ఎత్తే బరువులు కూడా ఆ రోజుల్లోనే సమకూరినవి. ఆ ఇనుము ఎక్కడిదని ఇప్పుడు విచారణ వేయవద్దని ప్రార్థన. తెచ్చినవారిలో సగం మంది కాలం చేశారు, మిగతా సగానికి గుర్తు లేదు. ఆ ఇనుము ఎత్తి పెరిగిన పిల్లల్లో ముగ్గురు పోలీసులయ్యారు కనుక చెల్లుకు చెల్లు అని మా అభిప్రాయం.

ఇప్పుడు పేకాట పోయింది, ఫోను వచ్చింది. ప్రస్తుతం మా దగ్గర ముప్పై ఎనిమిది మంది పిల్లలున్నారు, అందులో పదకొండు మంది ఆడపిల్లలు. ఉదాహరణకు రాజాబాబు అనే కుర్రవాడు ఐటీఐ మానేసి, రోజుకు పన్నెండు గుట్కా పొట్లాలు నములుతూ మా షెడ్డు గోడకు ఆనుకుని కూర్చునేవాడు. గోడ మీద ఉమ్మినవాడే గోడ కడగాలని మా వస్తాదు గారు బకెట్టు చేతికిచ్చారు. వారం రోజులు కడిగాడు. కడిగిన గోడ మీద మళ్ళీ ఉమ్మడానికి వాడికే మనసొప్పక గుట్కా మానేశాడు. ఇవాళ వాడు చిన్నపిల్లలకు దండీలు నేర్పుతున్నాడు, ఐటీఐలో కూడా మళ్ళీ చేరాడు.

2. గత జూలైలో, సంఘాల వారందరూ తమ వివరాలు హిందీలో దాఖలు చేయవలెనని నోటీసు వచ్చినది. నాకు హిందీ మాట్లాడటం వచ్చు, పోట్లాడటం ఇంకా బాగా వచ్చు, రాయటం రాదు. కనుక అంతా తెలుగులో శుభ్రంగా రాసి, ఒక విద్యార్థినికిచ్చి హిందీ చేయమన్నాను. సదరు విద్యార్థిని ఇక్కడే పుట్టింది. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు తెలుగు వంటింటి దాకానే వచ్చునని తమకు తెలియనిది కాదు. ఆకలేస్తే తెలుగు, అలిగితే తెలుగు, తక్కినదంతా హిందీ. తెలియని తెలుగు మాట తగిలితే వంటింట్లోకి వెళ్ళి వెతుక్కుంటారు. ఆమె కూడా అదే చేసింది.

తాలింఖానా అన్నచోట తాలింపు, ఖానా అని విడగొట్టుకుని ‘తడ్కా ఖానా’ అని రాసింది. సాము గరిడీలు అన్నచోట గరిడీలు గారెలయ్యాయి. వాటి ముందున్న సాము ఏమిటో తెలియక సమోసా చేసింది. గోదా గోదామయింది. గోదా మట్టిలో నూనె, పసుపు, మజ్జిగ కలిపి మెత్తగా ఉంచుతామని నేను రాస్తే, అది మట్టికుండలో వంటయింది. ‘ప్రతి ఉదయం పిల్లల చేత యాభై బస్కీలు తీయిస్తాము’ అన్న నా వాక్యం, ‘ప్రతి ఉదయం పిల్లల చేత యాభై బిస్కట్లు తినిపిస్తాము’ అని తమ ఫైలులో ఈనాటికీ ఉన్నది. దస్తూరి మాత్రం చాలా బాగుంటుంది, తమరు చూసే ఉంటారు.

3. దానిమీదట మమ్మల్ని అల్పాహారశాలల జాబితాలో వేశారు. షెడ్డు గుమ్మానికి ‘స్వల్పాహార్ గృహ్’ అని నీలం బోర్డు కొట్టారు. పొగగొట్టం పెట్టాలని, చేతులు కడుక్కునే తొట్టి కట్టాలని మెమో ఇచ్చారు. అక్టోబరులో ఆహార తనిఖీకి ఒకాయన వచ్చారు. వంట ఎక్కడ చేస్తారని అడిగి, మా జవాబు వినకుండానే గోదా దగ్గరికి నడిచారు. వంగి వాసన చూశారు. పసుపూ మజ్జిగా ఉన్నాయని నిర్ధారణ చేసుకుని, ఒక సీసా నిండా మట్టి పట్టుకుపోయారు. రెండు వారాలకు నివేదిక వచ్చింది: ‘నమూనా మనుషులు తినుటకు యోగ్యమైనది కాదు.’

యాభై ఏళ్ళుగా అందులో బోర్లా పడినవాళ్ళందరూ ఆ మాటే అంటున్నారు కనుక నివేదికతో మాకు పేచీ లేదు. దాని రెండో పేరాతోనే పేచీ. అందులో, వంట మెరుగుపరచుకొనుటకు మాకు తొంభై రోజుల గడువు ఇచ్చారు.

4. బోర్డు చూసి జనం రావటం మొదలైంది. చరోదా యార్డులో డ్యూటీ దిగి ఇళ్ళకు వెళ్ళే రైల్వేవాళ్ళు పొద్దున్నే సైకిళ్ళు, బళ్ళు ఆపి, పిల్లలు బరువులెత్తే బల్ల మీద కూర్చుని, రెండు ప్లేట్లు వడ అంటున్నారు. మొదట నాలుగు రోజులు నేనే తరిమాను. ఐదో రోజు నా భార్య గున్నమ్మ అటుగా వచ్చి చూసింది. డ్యూటీ దిగి ఆకలితో వచ్చిన మనుషుల్ని ఉత్తసేతుల్తో పంపేత్తావేటని నన్ను నలుగురిలో నిలదీసి, మర్నాడు గిన్నెడు గారెలు పట్టుకొచ్చింది. అమ్మటం లేదు, పెడుతున్నది. ఆపమంటే ఆపటం లేదు.

ఇప్పుడు ఉదయం ఏడింటికి మా షెడ్డులో ఒక పక్క కుస్తీ, ఒక పక్క గారెలు. దాపరికం లేకుండా చెప్పాలంటే గారెల వైపే జనం ఎక్కువ. మా పిల్లలు సైతం పాతిక బస్కీలకే ఆగి అటు తిరుగుతున్నారు. యువతీయువకుల ఆరోగ్యమునకు, శీలమునకు క్రీడా సంఘాలు చేయు మేలును గురించి నేను పది పేజీల వ్యాసం రాయగలను గానీ, వేడి గారె ఎదుట ఆ వ్యాసం నిలవదు.

5. మా వస్తాదు శ్రీ దక్షిణామూర్తి గారికి డెబ్బై ఒకటి. ముప్పై ఒక్క ఏళ్ళుగా తెల్లవారి ఐదింటికి షెడ్డు తాళం తీసేది ఆయనే. ఆయన పద్ధతులు రెండు. పరీక్ష మార్కులు చూపించనివారు గోదాలో దిగకూడదు. కుస్తీలో ఓడినవారు లేచి గెలిచినవారి వీపు మీది మట్టి తమ చేత్తో దులపాలి. ఓటమి అక్కడితో దులిపేసినట్టేనని ఆయన అంటారు. ఓడి ఏడ్చేవాళ్ళు, గెలిచి ఎగిరేవాళ్ళు ఇద్దరూ దీనివల్ల బాగుపడటం నేను కళ్ళారా చూశాను.

దరఖాస్తులో ‘శిక్షకుని పేరు’ అన్న గడిలో నేను ‘వస్తాదు దక్షిణామూర్తి’ అని రాశాను. మన విద్యార్థిని దానిని ‘దక్షిణామూర్తి ఆయేగా’ అని హిందీ చేసింది. అనగా దక్షిణామూర్తి వస్తాడట. తమ ఫైలులో దాని పక్కన ఎర్రసిరాతో ‘కబ్?’ అని ప్రశ్న వేసి ఉన్నది, ఎప్పుడొస్తాడని. ఆ ప్రశ్నకు జవాబు రాలేదు కనుక శిక్షకుని స్థానము ఖాళీ అని నమోదు చేశారు.

ఈ సంగతి చెబితే షెడ్డులో అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. గోదా గట్టు మీద కూర్చుని, మట్టిగడ్డ ఒకటి చేత్తో చిదుపుతూ, “నానింకా రాలేదేటి, గురునాథం? మరి ఇన్నేళ్ళ నుంచీ ఇక్కడ కూకున్నోడెవుడు?” అన్నారు. నాకు తల ఎత్తుకోవటం కష్టమైంది.

6. ఇప్పుడు అసలు అత్యవసరము. మా సభ్యురాలు కుమారి సుప్రియ, వయస్సు పదహారు, పదిహేడేళ్ళ లోపు వారి కుస్తీలో జిల్లాలో గెలిచి, ఈ నెల ఇరవైన రాయ్‌పూర్‌లో జరుగు రాష్ట్ర ఎంపికకు వెళ్ళవలసి ఉన్నది. ఐదేళ్ళ కిందట ఈ పిల్ల రెండో అంతస్తులోని క్వార్టరుకు ఎక్కుతూ మధ్యలో రెండుసార్లు కూర్చునేది. బడి నుంచి వస్తే ఫోను పట్టుకుని మంచం దిగేది కాదు. రోజూ ఒళ్ళు కదపాలని డాక్టరు చెబితే తాలింఖానాకు తీసుకొచ్చారు. వస్తాదు గారు ఆమెను వెంటనే గోదాలో దింపలేదు. మూడు నెలలు పారతో మట్టి తిరగవేయించారు, నీళ్ళు చల్లించారు. మూడో నెల చివర ఒకనాడు ఆమె కింది నుంచి పై దాకా ఆగకుండా ఎక్కి వచ్చి తలుపు కొట్టింది. మెట్ల మీద ఆయాసం వినిపించలేదు కనుక ఎవరో బయటివాళ్ళనుకుని తలుపు తీశాను, తీసి అక్కడే నిలబడిపోయాను. (ఈ ఆఖరి వాక్యము కొట్టివేయబడినట్టు భావించవలెను.)

జాబితాలో ఉన్న క్రీడా సంఘం చీటీ లేనిదే రాయ్‌పూర్‌లో తూకం కూడా వేయరట. పేర్లకు గడువు పద్దెనిమిది. అల్పాహారశాల తరఫున కుస్తీకి పంపుటకు నిబంధన లేదని చెప్పారు. వచ్చే ఏటికి ఆమెకు ఈ విభాగంలో వయస్సు దాటిపోతుంది. పైగా ఆమెది యాభై మూడు కిలోల తరగతి. గారెలు మొదలయ్యాక యాభై నాలుగు తూగుతున్నది.

7. ఈ అంశము రాయకూడదనుకున్నాను. ఇదే విషయమై తమ ఆఫీసుకు మూడుసార్లు వచ్చి, మూడుసార్లూ కేకలు వేశాను. మూడోసారి కౌంటరులో ఉన్న అమ్మాయి ఫైలు నా వైపు తిప్పి, “అంకుల్‌జీ, సైన్ తో ఆప్ హీ కా హై” అంది. నిజమే. సంతకం నాదే.

హిందీ నేను రాయలేను గానీ కూడబలుక్కుని చదవగలను. సంతకం చేసిన రోజు చదవలేదు. చదివితే హిందీ చేసిచ్చిన పిల్ల ముందు ఒకటో తరగతి వాడిలా వేలు పెట్టి చదవాలి. అది నామోషీ అనిపించి, అంతా తెలిసినవాడిలా తల ఊపి సంతకం గిలికాను.

అయ్యా, పై విద్యార్థిని, కుమారి సుప్రియ, మా ఇంట్లో అమ్ము, ముగ్గురూ ఒక్కరే. నా మనవరాలు. రోజూ వెళ్ళే చోటు పేరు తెలియదా అని తమరు అడగవచ్చును. తెలియదు. దానికది క్లబ్బు. గోదా అఖాడా. బస్కీలు బైఠక్‌లు. వస్తాదు ఉస్తాద్‌జీ. నా కాగితం చూసి, తాతయ్య క్లబ్బులో క్యాంటీను పెడుతున్నాడని లోలోపల సంబరపడి రాసిందట. దాని తప్పేమీ లేదు. ఇన్నేళ్ళూ తిండి పేర్లు తప్ప మరేదీ తెలుగులో చెప్పనిది మేము.

తన చీటీ తన చేతుల మీదుగానే పోయిందని తెలిసిన నాటి నుంచి కుస్తీకి గోదాలోకి దిగటం లేదు. మొన్న నా పక్కన కూర్చుని, “రహ్‌నే దో తాతయ్యా, వదిలెయ్, నా వల్లే కదా అయింది” అంది. మిల్లులో కాలు మీద కడ్డీ పడినప్పుడు కూడా నాకు అంత నొప్పి తెలియలేదు.

కాబట్టి తమరు దయతో మా తాలింఖానాను యథాస్థానమునకు చేర్చి, చీటీ ఇప్పించి, శిక్షకుని గడిలోని ఖాళీని కొట్టివేయించవలెను. నీలం బోర్డు తీసివేయమనే నా ప్రార్థన. ఉండనివ్వమని గున్నమ్మ అంటున్నది. ఈ ఒక్క విషయమున మా ఇంట్లో ఏకాభిప్రాయము లేదు కనుక తమ ఇష్టము.

పై సంగతులన్నీ తమరు కడుపు నిండి ఉన్న వేళ చూసి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఈసారి చదివి సంతకం చేసిన
గురునాథరావు

తా.క. ధర్మారావు అంకుల్‌కి నమస్తే. నేను అమ్ము. తాతయ్య ఈ అర్జీ పోస్టు చెయ్యమని నాకు ఇచ్చారు. నేను మొత్తం చదివాను, రెండు గంటలు పట్టింది. నేను అఖాడాలో దిగను అంటే ఉస్తాద్‌జీ సరే అని, అదే మట్టిలో పుల్లతో తెలుగు అక్షరాలు రాయించారు. పది రోజుల నుంచి రోజూ. మట్టిలో రాయడానికి దిగాలి కదా, అలా దింపేశారు. నాకు తరవాత అర్థం అయింది.

వస్తాదు అంటే వస్తాడు కాదు. ఫైల్లో కబ్? అని ఉంది కదా, అక్కడ ఇలా రాయండి: పొద్దున ఐదుకి, రోజూ.

గారెలు మానేశాను. ఈరోజు 53 వచ్చింది. నానమ్మకి కోపం వచ్చింది.

రాయ్‌పూర్‌లో ఓడిపోతే గెలిచిన దీదీ వీపు నేనే దులుపుతాను, ప్రామిస్. కానీ తాలింపు వల్ల ఓడిపోతే ఎవరి వీపు దులపాలి అంకుల్?